విశాఖ గాలిలో ధూళి ఎవరిది? రేణువుల మూలాలను నిర్ధారించే విధానం

విశాఖపట్నం పాత నగరంలోనూ, ఓడరేవు చుట్టుపక్కల కాలనీలలోనూ ఇంటి గచ్చుల మీద, కిటికీ చువ్వల మీద నల్లని పొడి పేరుకుంటోందన్నది ఎన్నో ఏళ్లుగా వినిపిస్తున్న ఫిర్యాదు. అది ఓడరేవులో దిగుతున్న బొగ్గేనని నివాసులు అంటారు. వాహనాల పొగ, రోడ్ల మీది దుమ్ము, భవన నిర్మాణాలు కూడా కారణమేనని ప్రతివాదం వస్తుంది. రెండు మాటలూ నిజం కావచ్చు; ఏది ఎంత నిజమన్నదే ప్రశ్న. ఆ ‘ఎంత’ తేలనిదే ఏ పొగగొట్టానికి ఏ పరికరం బిగించాలో, ఏ రోడ్డును ఊడ్పించాలో, ప్రజాధనాన్ని ఎక్కడ వెచ్చించాలో నిర్ణయించడం సాధ్యం కాదు. గాలిలోని ధూళిని పట్టి, దాని రసాయన స్వభావాన్ని పరిశీలించి, ఏ మూలం నుంచి ఎంత వచ్చిందో లెక్కగట్టే పద్ధతిని ‘మూలాల వాటా నిర్ధారణ’ అంటారు. పారిశ్రామిక నగరాల వాయు కాలుష్య నియంత్రణ ప్రణాళికలన్నీ ఈ లెక్క మీదనే ఆధారపడవలసి ఉంటుంది. కానీ ఆ లెక్క ఎలా పుడుతుందో, ఎక్కడ తడబడుతుందో ప్రణాళికా పత్రాలలో అరుదుగా కనిపిస్తుంది.

కంటికి కనిపించేది, కొలతకు చిక్కేది

గాలిలోని రేణువులను పరిమాణాన్ని బట్టి వర్గీకరిస్తారు. 10 మైక్రాన్లు, అంతకన్నా తక్కువ వ్యాసం ఉన్నవి పీఎం 10. వాటిలోనే 2.5 మైక్రాన్లకు మించనివి పీఎం 2.5. మనిషి తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది కనుక, సూక్ష్మ రేణువు దానిలో దాదాపు 25వ వంతు.

పరిమాణం మారితే రేణువు ప్రయాణమే మారిపోతుంది. కదలని గాలిలో 10 మీటర్ల ఎత్తు నుంచి జారిన 100 మైక్రాన్ల రేణువు నిమిషం లోపే నేలను తాకుతుంది. 10 మైక్రాన్ల రేణువుకు అదే దూరం దిగడానికి దాదాపు గంట పడుతుంది. 2.5 మైక్రాన్లదానికి అరరోజుకు పైగా, ఒక మైక్రాను రేణువుకు మూడు రోజులకు పైగా కావాలి. వాస్తవంలో గాలి నిశ్చలంగా ఉండదు. సూక్ష్మ రేణువు రోజుల తరబడి తేలుతూ జిల్లాలు, రాష్ట్రాలు దాటి వెళ్లగలదు.

దీనివల్ల తలెత్తే ఒక చిక్కును తరచుగా విస్మరిస్తుంటారు. గచ్చు మీద వేలితో గీస్తే అంటుకునే పొడిలో బరువు రీత్యా అధిక భాగం 10 మైక్రాన్ల కన్నా పెద్ద రేణువులదే. పీఎం 10 కొలిచే యంత్రం వాటిని లోపలికి రానివ్వదు. అందువల్ల ఇల్లంతా నల్లబడిన రోజున కూడా కొలత కేంద్రం అంకె పరిమితి లోపల ఉండవచ్చు. అక్కడ యంత్రమూ అబద్ధం చెప్పడం లేదు, గృహిణీ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరూ చూస్తున్నది వేర్వేరు ధూళిని. నేల మీదికి రాలే ధూళిని కొలవడానికి వెడల్పు మూతి గల పాత్రను ఆరుబయట నెల రోజులు ఉంచి, అందులో చేరినదాన్ని తూచే పాత పద్ధతి ఒకటి ఉంది. దేశంలో గాలి నాణ్యతకు నిర్దేశించిన జాతీయ ప్రమాణాలలో మాత్రం రాలే ధూళికి చోటు లేదు.

ఊపిరితిత్తుల లోతులకు చేరి, హృద్రోగాలకు, శ్వాసకోశ వ్యాధులకు దారితీసేది ప్రధానంగా కంటికి కనిపించని సూక్ష్మ ధూళి. 2009లో ప్రకటించిన భారత ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 వార్షిక సగటు 40 మైక్రోగ్రాములకు, పీఎం 10 సగటు 60 మైక్రోగ్రాములకు మించకూడదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన మార్గదర్శకాలలో ఈ పరిమితులు వరుసగా 5, 15 మైక్రోగ్రాములు.

కొండల నడుమ గిన్నె

విశాఖ నైసర్గిక స్వరూపమే అక్కడి గాలి సమస్యలో సగం. ఉత్తరాన కైలాసగిరి కొండల వరుస, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం. నడుమ పల్లంలో నగరం, ఓడరేవు, పాత పరిశ్రమలు ఒదిగి ఉన్నాయి. పర్యావరణవేత్తలు ఈ ప్రాంతాన్ని గిన్నెతో పోలుస్తారు. ఓడలకు రక్షణ ఇచ్చిన కొండలే పొగను కూడా పట్టి ఉంచుతాయి. శీతకాలపు రాత్రులలో నేలకు దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చని పొర మూతలా కప్పినప్పుడు గిన్నెలోని ధూళి పైకి వెళ్లలేదు.

1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. ఆ తరువాత ఎరువుల కర్మాగారం, జింకు స్మెల్టరు, యారాడ కొండకు ఆవల నైరుతి దిశగా ఉక్కు కర్మాగారం, పరవాడ వద్ద 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, 2009లో గంగవరం ఓడరేవు వచ్చాయి. అదే 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గాలి, నీరు, నేల మూడింటినీ కలిపి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీలు కట్టింది. అప్పుడు 70 పాయింట్లు దాటి ‘తీవ్ర కలుషిత’ జాబితాకెక్కిన 43 ప్రాంతాలలో విశాఖపట్నంతో పాటు తెలంగాణలోని పటాన్‌చెరు–బొల్లారం కూడా ఉంది. 2020 మే 7న నగర శివారులో జరిగిన స్టైరీన్ దుర్ఘటన ఈ కథనం పరిధిలోకి రాదు. అది విషవాయువు లీకు, ధూళి కాదు.

ఒకే గిన్నెలో ఇన్ని మూలాలు ఉన్నప్పుడు ఏ రేణువు ఎక్కడిదో చెప్పడానికి రేణువునే ప్రశ్నించాలి.

రేణువుల వేలిముద్రలు

పరిశీలన ఒక పంపుతో మొదలవుతుంది. నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున 24 గంటలు గాలిని పీలిస్తే 24 ఘనపు మీటర్లు అవుతుంది. గాలిలో సూక్ష్మ ధూళి 50 మైక్రోగ్రాములు ఉన్న రోజున వడపోత బిళ్ల మీద చేరేది కేవలం 1.2 మిల్లీగ్రాములు, అంటే కొన్ని ఉప్పు రవ్వల బరువు. ఆ కాస్త పదార్థంలోనే నగర పరిశ్రమల జాతకమంతా వెతకాలి. లోహాల కోసం టెఫ్లాన్ బిళ్లను, కర్బనం కోసం ముందుగా కొలిమిలో కాల్చి శుభ్రం చేసిన క్వార్ట్జ్ బిళ్లను పక్కపక్కనే ఉంచి నమూనాలు తీస్తారు. తేమ తగిలినా బరువు మారిపోతుంది కనుక తూకం వేసే గది ఉష్ణోగ్రతను, తేమను స్థిరంగా ఉంచుతారు. ఆపై ఎక్స్‌రే పరీక్షతో మూలకాలను, అయాన్ క్రోమాటోగ్రఫీతో సల్ఫేటు, నైట్రేటు, అమోనియం వంటి లవణాలను, వేడిచేసే పద్ధతితో కర్బనాన్ని కొలుస్తారు.

ప్రతి మూలానికీ తనదైన రసాయన ముద్ర ఉంటుంది. మట్టి ధూళిలో సిలికాన్, అల్యూమినియం, టైటానియం అధికం. సిమెంటు, నిర్మాణ ధూళిలో కాల్షియం పెరుగుతుంది. ఓడల బరువు నూనె మండినప్పుడు వనాడియం, నికెల్ వెలువడతాయి. చమురు శుద్ధిలో ఉత్ప్రేరకంగా వాడే పొడిలో లాంథనం హెచ్చు. ఫాస్ఫేట్ ఎరువుల తయారీ ఫాస్ఫరస్‌నూ ఫ్లోరైడునూ వదులుతుంది. బ్రేకుల అరుగుదల రాగి, యాంటిమొనీ, బేరియం మిశ్రమంగా కనిపిస్తుంది. సముద్రపు తుంపరలో సోడియం, క్లోరిన్‌లది స్థిర నిష్పత్తి. సోడియం ఎంతో తెలిస్తే సల్ఫేటులో సముద్రం వాటా దానిలో నాలుగో వంతని లెక్కగట్టి తీసివేయవచ్చు. తీర నగరంలో ఈ తీసివేత చేయకపోతే సముద్రం చేసిన పని పరిశ్రమల ఖాతాలో పడుతుంది.

పాఠ్యపుస్తకంలో ఇంత స్పష్టంగా ఉన్న ముద్రలు విశాఖ వీధుల్లోకి వచ్చేసరికి మసకబారుతాయి. ఇనుము, మాంగనీసు కలిసి కనిపిస్తే అది ఉక్కు కర్మాగారం గుర్తని సాధారణ సూత్రం. కానీ భీమునిపట్నం దారిలో ఎర్రమట్టి దిబ్బలను చూసినవారికి ఈ నేలలోనే ఇనుము ఎంత ఉందో వేరుగా చెప్పనక్కరలేదు. తూర్పు కనుమల శిలలు శిథిలమై ఏర్పడిన మట్టి అది. మాంగనీసు సంగతి మరింత చిక్కు: పొరుగున విజయనగరం జిల్లా చీపురుపల్లి, గరివిడి ప్రాంతాలు మాంగనీసు గనులకు పేరుపొందినవి, ఆ ఖనిజం తరతరాలుగా విశాఖ రేవు నుంచే ఓడలెక్కింది. ఇనుప ఖనిజం కూడా ఇదే రేవు మీదుగా వెళుతుంది. కనుక వడపోత బిళ్ల మీది ఇనుము కొలిమి నుంచి రావచ్చు, ఖనిజపు కుప్ప నుంచి రావచ్చు, కొండవాలు నుంచి రావచ్చు, బస్సు బ్రేకు నుంచి కూడా రావచ్చు.

ఇటువంటి చోట సూక్ష్మదర్శిని ఆదుకుంటుంది. థర్మల్ కేంద్రపు బూడిదకూ మట్టికీ రసాయన కూర్పు దాదాపు ఒకటే. రెండింటిలోనూ సిలికాన్, అల్యూమినియమే. కానీ బూడిద కొలిమి వేడికి కరిగి మళ్లీ గట్టిపడినందువల్ల గుండ్రని పూసలా ఉంటుంది, మట్టి రేణువు గరుకుగా పెళ్లలా ఉంటుంది. కాలని బొగ్గు పొడి కోసైన అంచులతో పలుకుల్లా కనబడుతుంది. డీజిల్ మసి అతి సన్నని పూసలను గొలుసుగా గుచ్చినట్లు ఉంటుంది. నల్లగా ఉన్నదల్లా బొగ్గు కాదని, బొగ్గు కానిదల్లా నిరపాయం కాదని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలు తేల్చి చెబుతాయి.

కొన్ని ముద్రలు తేదీని బట్టి అర్థం మార్చుకుంటాయి. కట్టెలు, పిడకలు, చెత్త మండినదానికి పొటాషియం ఆనవాలు. భోగి మంటల ఉదయాన అది పెరిగితే ఆశ్చర్యం లేదు. కానీ దీపావళి నాటి పొటాషియం బాణసంచా మందుది. తోడుగా బేరియం, స్ట్రాన్షియం కనిపిస్తాయి. అందుకే కట్టెల పొగను నిర్ధారించడానికి సెల్యులోజ్ కాలినప్పుడు మాత్రమే ఏర్పడే లెవోగ్లూకోసాన్ అనే చక్కెర జాతి పదార్థాన్ని వెతుకుతారు.

కాలగతిలో అసలు చెరిగిపోయిన ముద్రలూ ఉన్నాయి. ఒకప్పుడు గాలిలో సీసం కనబడితే పెట్రోలు వాహనాల వాటాను సులువుగా లెక్కించేవారు. 2000 సంవత్సరంలో దేశమంతటా సీసం లేని పెట్రోలు తప్పనిసరి కావడంతో ఆ గుర్తు పోయింది. ఆ తరువాత దొరికే సీసానికి బ్యాటరీల కరిగింపు, లోహ పరిశ్రమల వైపు చూడవలసి వచ్చింది. 2020 జనవరి 1 నుంచి అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఓడల ఇంధనంలో గంధక పరిమితిని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించింది. దానితో ఓడల ఇంధనం కూర్పు మారి, వనాడియం ముద్ర బలహీనపడింది. పాత ముద్రల పట్టికతో కొత్త గాలిని చదివితే ఓడలు రేవు నుంచి మాయమైనట్లు లెక్క తేలుతుంది.

లెక్కలో ఏముంది

వడపోత బిళ్ల మీది మూలకాల జాబితా ఒక చేతిలో, మూలాల ముద్రల పట్టిక మరో చేతిలో ఉన్నప్పుడు చేసే లెక్కకు ‘కెమికల్ మాస్ బ్యాలెన్స్’ అని పేరు. 1970ల ఆరంభంలో అమెరికాలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. దాని సారం హైస్కూలు బీజగణితమే.

ఊహాత్మకమైన ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. నగరంలో రెండే మూలాలు ఉన్నాయనుకుందాం. మట్టి ధూళిలో 25 శాతం సిలికాన్, 5 శాతం ఇనుము. ఉక్కు ధూళిలో 2 శాతం సిలికాన్, 40 శాతం ఇనుము. ఘనపు మీటరు గాలిలో 10.2 మైక్రోగ్రాముల సిలికాన్, 6 మైక్రోగ్రాముల ఇనుము దొరికాయి. రెండు సమీకరణాలను సాధిస్తే మట్టి ధూళి 40, ఉక్కు ధూళి 10 మైక్రోగ్రాములని తేలుతుంది. ఇప్పుడు ఒకే ఒక్క అంకెను మార్చి చూడాలి. పరిశోధకులు పరదేశపు పట్టిక నుంచి తెచ్చుకున్న 5 శాతం ఇనుము అంచనా తప్పని, ఈ ఊరి ఎర్రమట్టిలో ఇనుము నిజానికి 8 శాతమని అనుకుందాం. అదే బిళ్ల, అవే కొలతలు. కానీ ఉక్కు ధూళి వాటా 10 నుంచి సుమారు 7 మైక్రోగ్రాములకు పడిపోతుంది. మట్టి ముద్రలో మూడు శాతం తేడా కర్మాగారం మీది నిందలో 30 శాతాన్ని తుడిచివేసింది. మట్టిలో ఇనుము అనుకున్నదానికన్నా తక్కువైతే నింద అదే తీరున పెరుగుతుంది.

అందుకే మూలాల ముద్రలను ఎక్కడికక్కడ సేకరించాలన్నది ఈ రంగంలో మౌలిక నియమం. ఆ ఊరి రోడ్డు దుమ్మును ఊడ్చి, ఆ ఊరి పొగగొట్టం నుంచి నమూనా తీసి, ఆ ఊరి పొయ్యి పొగను పట్టి ముద్రలు తయారు చేయాలి. ఖర్చుతో, శ్రమతో కూడిన పని కనుక చాలా అధ్యయనాలు అరువు పట్టికలతో సరిపెట్టుకుంటాయి. నివేదికలో ఈ విషయం ఏ అనుబంధంలోనో ఒక వాక్యంగా ఉంటుంది. పతాక శీర్షికకెక్కేది శాతం మాత్రమే.

ముద్రలు ముందుగా తెలియకపోయినా లెక్కించే పద్ధతి మరొకటి ఉంది. ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు పెంటి పాటెరో, ఉంటో టాపర్ 1994లో ప్రతిపాదించిన ‘పాజిటివ్ మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్’ అది. వందకు తగ్గకుండా నమూనాలు ఉంటే, ఏయే మూలకాలు కలిసి పెరుగుతున్నాయో, కలిసి తగ్గుతున్నాయో చూసి గణనయంత్రం వాటిని గుంపులుగా విడదీస్తుంది. కానీ గుంపులకు అది సంఖ్యలే ఇస్తుంది, పేర్లు ఇవ్వదు. మూడో గుంపును ‘పరిశ్రమ’ అనాలా, ‘రోడ్డు ధూళి’ అనాలా అన్నది పరిశోధకుని నిర్ణయం. ఈ నామకరణ దశలోనే శాస్త్రం విధానంగా మారుతుంది. బొగ్గు లారీ రాల్చిన పొడి టైర్ల కింద నలిగి మళ్లీ పైకి లేస్తే, దానికి ‘రోడ్డు ధూళి’ అని పేరు పెట్టగానే అది నగరపాలక సంస్థ బాధ్యతగా మారిపోతుంది. బొగ్గు యజమాని నివేదికలో నుంచి నిష్క్రమిస్తాడు.

గాలివాటం

రసాయనం ‘ఏమిటి’ అన్నది చెబుతుంది. ‘ఎటు నుంచి’ అన్నది గాలి చెబుతుంది. గంటగంటకూ కొలిచే కేంద్రంలో ధూళి పెరిగిన వేళలను గాలి దిశతో జోడించి చూస్తే ఏ దిక్కున మూలం ఉందో బయటపడుతుంది. వేగం కూడా సాక్ష్యమే. గాలి జోరందుకున్న కొద్దీ వాహనాల పొగ, పొయ్యి పొగ పలచబడి తగ్గుతాయి. కుప్పలుగా పోసిన బొగ్గు, ఖనిజం, ఇసుక మీది ధూళి మాత్రం ఒక వేగం దాటిన తరువాత పెరగడం మొదలవుతుంది. వాన కురిసిన మర్నాడు ఏది తగ్గింది, ఏది తగ్గలేదు అన్నదీ ఇటువంటి పరీక్షే.

తీర నగరంలో గాలి సాక్ష్యాన్ని జాగ్రత్తగా వినాలి. రాత్రి నేల నుంచి సముద్రం మీదికి, పగలు సముద్రం నుంచి నేల మీదికి గాలి వీస్తుంది. రాత్రంతా నగరం వదిలిన పొగ సముద్రం మీదికి వెళ్లి, మధ్యాహ్నపు సముద్రపు గాలితో తిరిగి ఇంటికి రావచ్చు. సముద్రం దిక్కు నుంచి వచ్చింది కనుక అది సముద్రానిది అనడానికి వీల్లేదు. ఇరవై నాలుగు గంటల సగటుతో పనిచేసే వడపోత బిళ్లకు ఈ రాకపోకలు అసలే తెలియవు. అర్ధరాత్రి గంటసేపు వెలువడిన దట్టమైన పొగ కూడా దాని లెక్కలో రోజంతటికీ పరచుకుని పలుచబడుతుంది.

కొలత కేంద్రాన్ని ఎక్కడ నిలబెట్టారన్నది కూడా ఫలితాన్ని శాసిస్తుంది. 2005–06లో హైదరాబాద్‌లో జరిగిన అధ్యయనం ఈ దృష్టితో వాహనాల రద్దీ గల పంజాగుట్ట, జనసమ్మర్దం గల చిక్కడపల్లి, నగర శివారులోని కేంద్రీయ విశ్వవిద్యాలయం అనే మూడు భిన్నమైన చోట్ల నమూనాలు తీసింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో వెలువరించిన ఆరు నగరాల అధ్యయనంలో ఢిల్లీ, ముంబయి, చెన్నై, బెంగళూరు, పుణె, కాన్పూర్ ఉన్నాయి, విశాఖ లేదు. పీఎం 10లో రోడ్డు ధూళి, మట్టి పైచేయిగా ఉంటే పీఎం 2.5లో వాటి ప్రాధాన్యం తగ్గి, మండించడం వల్ల పుట్టే రేణువులు, గాలిలో రూపొందే లవణాలు ముందుకు వస్తాయన్నది ఆ అధ్యయనంలో ప్రస్ఫుటంగా కనిపించిన అంశం.

కర్మాగారం మూతపడినప్పుడు

లెక్కలన్నిటి కన్నా బలమైన సాక్ష్యం అనుకోకుండా లభించిన సందర్భం ఒకటి ఉంది. అమెరికాలోని యూటా లోయ కూడా విశాఖలాగే కొండల నడుమ ఉన్న పల్లం. అక్కడి ఉక్కు కర్మాగారం కార్మిక వివాదం కారణంగా 1986 ఆగస్టు నుంచి 1987 సెప్టెంబరు వరకు మూతపడింది. ఆ శీతకాలంలో గాలిలో ధూళి బాగా తగ్గింది. శ్వాసకోశ సమస్యలతో ఆసుపత్రులలో చేరిన పిల్లల సంఖ్య కూడా తగ్గింది. కర్మాగారం నడిచిన శీతకాలాలలో అది రెండు, మూడు రెట్లు అధికంగా ఉండేదని ఆర్డెన్ పోప్ అనే ఆర్థిక శాస్త్రవేత్త 1989లో ప్రచురించారు. భద్రపరచిన వడపోత బిళ్లలను తరువాతి కాలంలో ప్రయోగశాలలు పరీక్షించినప్పుడు, మూతపడిన ఏడాది ధూళిలో లోహాలు తక్కువగా ఉన్నట్లు, అది కణజాలంలో కలిగించే వాపు కూడా తక్కువేనని తేలింది. ధూళి బరువుతో పాటు దాని కూర్పు కూడా ప్రాణాలతో ముడిపడిన విషయమని ఈ ఉదంతం నిరూపించింది.

2020 నాటి లాక్‌డౌన్ అటువంటి అవకాశమే ఇచ్చిందని చాలామంది భావించారు. కానీ కొలిమి చల్లారితే తిరిగి రాజుకోవడం కష్టం గనుక ఉక్కు కర్మాగారాల వంటివి పూర్తిగా ఆగలేదు; విద్యుత్ కేంద్రాలూ నడిచాయి. వాహనాలు, నిర్మాణాలు, చిన్న పరిశ్రమలు ఒకేసారి ఆగినందున వేటి ప్రభావం ఎంతో విడదీయడమూ కష్టమే.

చిరునామా లేని రేణువులు

సూక్ష్మ ధూళిలో గణనీయమైన భాగం ఏ పొగగొట్టం నుంచీ రేణువుగా వెలువడదు. బొగ్గు, నూనె మండినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, వాహనాలూ కొలిమిలూ వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు గంటల తరబడి గాలిలో ప్రయాణిస్తూ ఆమ్లాలుగా మారి, పొలాల నుంచి, ఎరువుల నుంచి వచ్చే అమోనియాతో కలిసి సల్ఫేటు, నైట్రేటు రేణువులవుతాయి. వడపోత బిళ్ల మీద వీటిని కొలవడం సులువే. కానీ అణువు మీద యజమాని ముద్ర ఉండదు. నివేదికలు దీనిని ‘ద్వితీయ ధూళి’ అనే పేరుతో ప్రత్యేక వరుసలో చూపి ఊరుకుంటాయి. చదివేవారికి అది ప్రకృతిసిద్ధమైనదన్న భ్రమ కలుగుతుంది. నిజానికి దానిని తిరిగి మూలాలకు పంచాలంటే ఏ పరిశ్రమ ఎంత వాయువు వదులుతోందో తెలిపే పట్టిక, వాతావరణ నమూనా, రసాయన చర్యల గణన అన్నీ కావాలి.

ఈ లోపం విధాన నిర్ణయాలలో ప్రతిఫలిస్తుంది. థర్మల్ కేంద్రాలు సల్ఫర్ డయాక్సైడ్‌ను అదుపు చేయాలని కేంద్రం 2015 డిసెంబరులో ప్రమాణాలు ప్రకటించింది. గడువులు పలుమార్లు పొడిగించిన తరువాత, 2025 జూలైలో దేశంలోని అధిక సంఖ్యాక యూనిట్లకు ఆ ప్రమాణం నుంచి మినహాయింపు ఇచ్చింది. పెద్ద నగరాలకు పది కిలోమీటర్ల లోపల ఉన్నవాటిపై మాత్రం నిబంధన కొనసాగుతుంది. కేంద్రానికి పది కిలోమీటర్ల పరిధిలో వాయువు స్థాయి ఎంత అన్నది ఒక ప్రశ్న. ఆ వాయువు వందల కిలోమీటర్ల దూరంలో ఎంత ధూళిగా మారుతుందన్నది వేరొక ప్రశ్న.

శాతాలు, నిధులు

2019 జనవరిలో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మూలాల వాటా నిర్ధారణను నగర ప్రణాళికలలో భాగం చేసింది. ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు తొలి జాబితాలోనే చేరాయి. తరువాత ఆ రాష్ట్ర నగరాల సంఖ్య 13కు పెరిగింది. తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఉన్నాయి. ధూళిని 2017 స్థాయి నుంచి 20–30 శాతం తగ్గించాలన్న తొలి లక్ష్యాన్ని తరువాత 2025-26 నాటికి 40 శాతానికి పెంచారు.

అయితే నగరాల పనితీరును ఈ కార్యక్రమం అంచనా వేసేది పీఎం 10 తగ్గుదల ఆధారంగా. పీఎం 10 బరువులో పెద్ద వాటా రోడ్డు ధూళిది కనుక, యంత్రాలతో ఊడ్పించడం, నీళ్లు చల్లించడం, రోడ్ల అంచులకు పలకలు పరిపించడం త్వరగా అంకె తగ్గించే మార్గాలు. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో వెలువరించిన సమీక్ష ప్రకారం కార్యక్రమం కింద వెచ్చించిన నిధులలో 64 శాతం రోడ్డు ధూళి నివారణకే వెళ్లింది. పారిశ్రామిక కాలుష్యానికి ఖర్చయింది 0.61 శాతం.

ఒక నగరం గురించి ‘ధూళిలో ఇంత శాతం రోడ్లది’ అన్న అంకె వెలువడినప్పుడు అది పీఎం 10 గురించా, పీఎం 2.5 గురించా అన్నది మొదట తేలాలి. నమూనాలు ఎన్ని చోట్ల, ఎన్ని రుతువుల్లో తీశారు, మూలాల ముద్రలు స్థానికమా అరువా, తూకంలో లెక్కకు అందని భాగం ఎంత మిగిలింది, ప్రతి శాతానికీ పైనా కిందా ఎంత అనిశ్చితి ఉంది అన్నవి ఆ తరువాతి ప్రశ్నలు. వీటికి సమాధానాలు అధ్యయనం చేసిన సంస్థ వద్ద తప్పనిసరిగా ఉంటాయి. నగరవాసులకు అందే సంక్షిప్త నివేదికలో మాత్రం సాధారణంగా ఉండేది రంగురంగుల వృత్తచిత్రం ఒక్కటే.